మలేరియా క్రిమి ఎర్రకణంలోంచి ఎలా బయటికొస్తుంది? కణం పగిలిపోతుందా, క్రిమే కోసుకుంటుందా?

స్లైడుబాబు:
అందరికీ నమస్కారం. ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 12 ఏళ్లుగా నా పని ఒకటే, రక్తపు చుక్కని స్లైడు మీద పరిచి, జేఎస్‌బీ స్టెయిన్ వేసి, నూనె చుక్క పెట్టి మైక్రోస్కోపులో మలేరియా వెతకడం. మొన్న ఒక పెద్దావిడ వచ్చింది. రోజు విడిచి రోజు సరిగ్గా భోజనాల వేళకి వణుకు మొదలవుతోందట, నాలుగు దుప్పట్లు కప్పినా ఆగదట, పొద్దు వాలేసరికి చెమటలు పట్టి తగ్గిపోతుందట. స్లైడు చూస్తే వైవాక్స్ రకం మలేరియా. "లోపల గడియారం పెట్టుకుని కూర్చుందా బాబూ అది?" అని అడిగింది. "రక్తకణాలు పగిలినప్పుడు జ్వరం వస్తుందమ్మా" అని చెప్పి పంపించాను కానీ ఇంటికొచ్చాక నాకే అనుమానం పట్టుకుంది. ఎందుకు పగులుతుంది? మేం చదువుకున్న పుస్తకంలో "ఆర్‌బీసీ పగిలి మెరోజోయిట్లు విడుదలగును" అని ఒక్క ముక్కే ఉంది, మెరోజోయిట్లంటే క్రిమి పిల్లలు. లోపల పిల్లలు ఎక్కువై చోటు చాలక పగులుతుందా, లేక ఇంకేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బయాలజీ మాస్టారు:
ఇందులో పెద్ద రహస్యం ఏముంది బాబూ. ఎర్రకణం అడ్డంగా కొలిస్తే 7, 8 మైక్రాన్లు. అందులో ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా షైజాంట్, అంటే పిల్లలుగా విడిపోయే దశకి ముదిరిన క్రిమి, 16 నుంచి 32 పిల్లల్ని తయారు చేస్తుంది. బెలూన్‌లో గాలి ఎక్కువైతే ఏమవుతుంది? అంతే. 27 ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఇదే చెప్పాను, ఎవరూ ఎదురడగలేదు.

బీటెక్ బాధితుడు:
మాస్టారూ, మా హాస్టల్లో నలుగురి రూములో తొమ్మిది మందిమి ఉన్నాం. నాలుగేళ్లలో గోడ పగల్లేదు.

పరాన్నజీవి:
మాస్టారికి నమస్కారం పెట్టి ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. పీహెచ్‌డీలో అయిదేళ్లు నేను చూసింది ఈ ఒక్క ఘట్టాన్నే, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను, మా ఇంట్లో కూడా అలాగే పిలుస్తున్నారు ఇప్పుడు.

ముందు ఒక సంగతి. క్రిమి ఎర్రకణంలోకి దూరేటప్పుడు పొరకి చిల్లు పెట్టి దూరదు, పొరనే లోపలికి నెట్టుకుంటూ వెళ్తుంది. మెత్తటి పిండి ముద్దలోకి వేలు గుచ్చినట్టు. అందుకని లోపలికి వెళ్లాక దాని చుట్టూ ఇంకో సంచి ఉంటుంది. అంటే బయటికి రావాలంటే రెండు గోడలు దాటాలి, ముందు ఆ సంచి, తర్వాత ఎర్రకణం పొర. ఎప్పుడూ ఆ వరసలోనే, లోపలిది ముందు.

ఇప్పుడు బెలూన్ సంగతి. ముదిరిన కణాలని విడిగా తీసుకుని ఈ-64 అనే మందు కలుపుతాం. ప్రోటీన్లని కోసే ఎంజైముల్లో ఒక రకాన్ని అది ఆపేస్తుంది. అప్పుడేమవుతుందంటే లోపలి సంచి చిరుగుతుంది, పిల్లలన్నీ పూర్తిగా తయారై ఉంటాయి, కానీ బయటి పొర తెగదు. గోనెసంచిలో నిమ్మకాయల్లాగా గుత్తిగా అందులోనే ఉండిపోతాయి. చోటు చాలకే పగిలేదైతే మందు వేసినా పగలాలి కదా మాస్టారూ? పగలదు. కోసే కత్తి పనిచేయకపోతే గోడ గోడలాగే ఉంటుంది.

ఇంకో మందు ఉంది, అది పీకేజీ అనే ఎంజైముని ఆపుతుంది. అది కలిపితే రెండు గోడలూ చెక్కుచెదరవు. దాన్ని కడిగేయండి, టీ తాగి వచ్చేలోపు ఒక్కొక్కటీ తెరుచుకోవడం మొదలవుతుంది. నా మొదటిసారి నిజంగానే టీకి వెళ్లి మొత్తం పోగొట్టుకున్నాను.

స్లైడుబాబు:
అమ్మా, చాలా బాగా చెప్పారు. చూస్తే ఎలా ఉంటుంది? నేను చూసేవన్నీ మిథనాల్‌లో ముంచినవో, ఆరబెట్టినవో, చచ్చినవే. కదిలేది ఎప్పుడూ చూడలేదు.

పరాన్నజీవి:
చెప్తాను. ముందు మధ్యలో ఒక ముదురు గోధుమ రంగు చుక్క, హీమోజోయిన్, అది మీకు తెలిసిందే, హీమోగ్లోబిన్ తిని మిగిల్చిన పిప్పి. దాని చుట్టూ పిల్లలు బంతిపువ్వు రేకుల్లా సర్దుకుని ఉంటాయి. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత, తెరుచుకోవడానికి దాదాపు 10 నిమిషాల ముందు, లోపలి సంచి ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది, చూపు అలవాటైనవాళ్లకి అది తెలిసిపోతుంది. కాసేపటికి లోపల పిల్లలు విడివడి కదలడం కనిపిస్తుంది, అంటే సంచి పోయింది. ఆ తర్వాత కణం పొరలో ఒక చోట చిన్న నోరు తెరుచుకుంటుంది. ఒకటో రెండో బయటికి చిమ్ముకొస్తాయి. ఆ వెంటనే ఆ నోటి అంచులు వెనక్కి చుట్టుకుపోతాయి, చాప చుట్టినట్టు, పొర మొత్తం తిరగబడి మిగతా అన్నిటినీ విసిరేస్తుంది. ఈ ఆఖరి భాగం రెప్ప వేస్తే అయిపోతుంది. నల్లచుక్క మాత్రం ఖాళీ సంచితోపాటు అక్కడే మిగిలిపోతుంది.

వెనకాల నడిచే తతంగం ఇదీ: క్రిమిలో సీజీఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది, అది పీకేజీని లేపుతుంది, దాంతో క్రిమిలోనే దాచిపెట్టిన కాల్షియం వదులవుతుంది, ఆ సంకేతం మీద ఎక్సోనీమ్‌లనే బుల్లి తిత్తుల్లోంచి సబ్-1 అనే కత్తి సంచిలోకి వచ్చి పడుతుంది. సబ్-1 వెళ్లి సెరా-6 అనే ఇంకో కత్తి మీది ఒర తీస్తుంది. సెరా-6 ఎర్రకణం పొర కింద వలలాగా అల్లుకుని ఉండే స్పెక్ట్రిన్‌ని కోస్తుంది. ఆ వల తెగితే పొరకి బలం లేదు. ఈ-64 వేస్తే ఆగిపోయేది ఈ ఆఖరి కోతే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే బయటపడిన మెరోజోయిట్‌కి ఆయుష్షు లేదు. కొద్ది నిమిషాల్లో ఇంకో కణంలో దూరాలి, లేకపోతే దూరే శక్తే పోతుంది. పిల్లలు పూర్తిగా తయారవకముందే గోడ పడిపోతే వంశం పోయినట్టే.

బయాలజీ మాస్టారు:
సరే అమ్మాయ్, కత్తి ఉందని ఒప్పుకున్నాను. కానీ నువ్వే అన్నావు, మొదటి ఒకటి రెండు "చిమ్ముకొస్తాయి" అని. ఒత్తిడి లేకుండా ఎలా చిమ్ముతాయి? పొర దానంతటది ఎందుకు చుట్టుకుపోతుంది? కత్తెరతో చీర కోస్తే చీర ఎగిరి పడదు కదా.

పరాన్నజీవి:
ఇక్కడ మాత్రం మీకు సగం మార్కులు ఇవ్వాల్సిందే మాస్టారూ. 2011లో వేగంగా తీసే కెమెరాతో చేసిన ఒక పని వచ్చింది, అందులో తేలింది ఇదే: లోపలి ద్రవపు ఒత్తిడి వల్ల నోరు తెరుచుకుని మొదటివి బయటపడతాయి, తర్వాత పొరలో ముందే దాగి ఉన్న వంపు దాన్ని వెనక్కి చుడుతుంది. అంటే విసిరే బలం పొరలోనే ఉంది. కానీ ఆ బలం బయటపడేది ఎప్పుడు అన్నది క్రిమి చేతిలో ఉంది.

కోనసీమ కుర్రాడు:
దీనికి బెలూన్ పోలిక కంటే మా ఊరి పోలిక నయం. బడి గోడ పక్కన ఊదా పువ్వుల మొక్క ఉండేది, సన్నగా పొడుగ్గా ఎండుకాయలు, ఉమ్మి తడిపి అరచేతిలో పెడితే టప్పున పేలి గింజలు మొహాన కొట్టేవి. ఆ కాయ గింజలు ఎక్కువై పేలదు కదా. ఎండేటప్పుడే రెండు పలకల్లో బిగువు చేరి ఉంటుంది, మధ్యలో అతుకు పట్టుకుని ఉంటుంది, తడి తగలగానే అతుకు వదులుతుంది. ఇక్కడ సెరా-6 అంటే ఉమ్మి అన్నమాట.

పరాన్నజీవి:
నా థీసిస్ డిఫెన్స్‌లో ఈ పోలిక ఉండుంటే ఎంత బాగుండేది.

స్లైడుబాబు:
ఇంకో అనుమానం. వైవాక్స్ స్లైడులో లేత రింగులు, పెరుగుతున్న ట్రోఫోజోయిట్లు, ముదిరిన షైజాంట్లు అన్ని దశలూ కనిపిస్తాయి. ఫాల్సిపారంలో మాత్రం రింగులు, అరటిపండులాంటి గామెటోసైట్లు (దోమలోకి వెళ్లాల్సిన ఆడ, మగ రూపాలు), అంతే. ముదిరిన షైజాంట్ చేతివేలి రక్తంలో కనిపిస్తే మా డాక్టర్ గారు వెంటనే పెద్దాసుపత్రికి పంపేస్తారు. మరి ఆ పగలడమంతా ఎక్కడ జరుగుతోంది?

నైట్ డ్యూటీ డాక్టర్:
మీ డాక్టర్ గారు సరిగ్గా చేస్తున్నారు. ఫాల్సిపారం ముదిరేకొద్దీ ఎర్రకణం పైకి జిగురులాంటి ప్రోటీన్‌ని తోస్తుంది, దాంతో ఆ కణం సన్నటి రక్తనాళాల గోడకి అతుక్కుపోతుంది, మెదడులో, కిడ్నీల్లో, గర్భిణులకైతే మావిలో. లేకపోతే ప్లీహం పట్టేసుకుని వడకట్టేస్తుంది. కాబట్టి మీరు చెప్పే తెరుచుకోవడం అంతా ఆ మూలల్లోనే జరుగుతుంది, వేలి రక్తంలోకి వచ్చేది కొత్తగా పుట్టిన రింగులే. స్లైడులో తక్కువ కనిపించాయని ధైర్యపడకూడదని మేం అనేది అందుకే.

పెద్దావిడ అడిగిన గడియారం గురించి: ఇటలీలో కమిల్లో గోల్జీ 1886 ప్రాంతంలోనే గమనించాడు, క్రిములు విడిపోయి బయటపడే సమయమూ వణుకు మొదలయ్యే సమయమూ ఒకటేనని. వైవాక్స్‌కి 48 గంటలు, మలేరియే అనే ఇంకో రకానికి 72. ఒకే రోజు దూరినవి ఒకే రోజు బయటికొస్తాయి. పొర తెగినప్పుడు పిల్లలతోపాటు ఆ నల్ల పిప్పి, క్రిమి పొరల ముక్కలు రక్తంలో పడతాయి, మన తెల్లకణాలు వాటిని చూసి టీఎన్ఎఫ్ లాంటి సంకేత ప్రోటీన్లు వదులుతాయి, మెదడు ఒంటి వేడి పెంచుతుంది, అదే వణుకు. ఫాల్సిపారంలో ఇంత పద్ధతిగా ఉండదు, జ్వరం ఎప్పుడంటే అప్పుడే. అలాగని "రోజు విడిచి రోజు రావట్లేదు కాబట్టి మలేరియా కాదు" అనుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో. 2020లో ఇంకొకటి తేలింది, మన శరీరం గడియారం లేకపోయినా క్రిమికి సొంతంగా ఒక లయ ఉందని. పెద్దావిడ మాట అక్షరాలా నిజం.

కోనసీమ కుర్రాడు:
నా గోడు కూడా వినండి. రెండేళ్ల క్రితం వైవాక్స్ వచ్చింది. క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు రాశారు. అయిదో రోజుకి మనిషిని మామూలైపోయాను, కడుపులో తిప్పుతోందని మిగతా మాత్రలు డ్రాయర్‌లో పడేశాను. నాలుగు నెలల తర్వాత అదే వణుకు, అదీ మా చెల్లి పెళ్లి ముందు రోజు. బయటికి రాకుండా ఎక్కడ కూర్చుంది అన్నాళ్లు?

నైట్ డ్యూటీ డాక్టర్:
లివర్లో, తమ్ముడూ. దోమ కుట్టగానే క్రిమి ముందు వెళ్లేది అక్కడికే. వైవాక్స్‌లో కొన్ని అక్కడే నిద్రపోతాయి, హిప్నోజోయిట్లంటారు, వారాలకో నెలలకో లేస్తాయి. క్లోరోక్విన్ వాటిని ముట్టుకోదు, ప్రైమాక్విన్ రాసేది వాటికోసమే. ఏదైనా తిని వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. కానీ సొంత వైద్యం వద్దు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకి అదే మందు ఎర్రకణాల్ని చితక్కొడుతుంది, గర్భిణులకి ఇవ్వకూడదు.

పరాన్నజీవి:
లివర్ నుంచి బయటికొచ్చే పద్ధతి రక్తంలోదానికంటే కంతిరీది. అక్కడ ఒక్క కణంలో వేల పిల్లలు తయారవుతాయి. అన్నీ ఒక్కసారి బయటపడితే లివర్లో కాపలా కాసే కుప్ఫర్ కణాలు మింగేస్తాయి. అందుకని లివర్ కణం పొరనే ముసుగులాగా చుట్టుకుని, చిన్న చిన్న మూటలుగా రక్తనాళంలోకి జారుకుంటాయి. మెరోసోమ్‌లంటారు, 2006లో ఎలుకల మలేరియాలో చూశారు. పైగా ఆ లివర్ కణం చచ్చేటప్పుడు "నేను చచ్చాను, నన్ను తినండి" అని పెట్టే గుర్తు పైకి రాకుండా చూసుకుంటాయి. కాపలావాడికి మనవాళ్ల మూటలాగే కనిపిస్తుంది.

బీటెక్ బాధితుడు:
ఇది బస్సులో బురఖా వేసుకుని టికెట్ లేకుండా దిగిపోయే మా సీనియర్ కథలా ఉంది. సరే, వైరస్‌ల సంగతేంటి? వాటికి కత్తులూ కాల్షియమూ ఏమీ ఉండవు కదా, ఫ్లూ, కరోనా ఎలా బయటికొస్తాయి?

వైరస్ వదిన:
పిలవగానే వచ్చాను. వైరస్‌ల గురించి "కణాన్ని పేల్చుకుని వస్తాయి" అని సినిమాల్లో చూపిస్తారు కానీ చాలావాటికి పేల్చడం నష్టం. కణం బతికున్నంతసేపూ సరుకు తయారవుతూనే ఉంటుంది.

ఫ్లూ వైరస్ కణం పైపొరలోంచి మొగ్గ తొడిగినట్టు ఉబ్బి విడిపోతుంది. కానీ చిక్కేంటంటే, అది లోపలికి రావడానికి పట్టుకున్నది కణం మీది సియాలిక్ ఆమ్లాన్ని. బయటికొస్తుంటే అదే మళ్లీ పట్టుకుంటుంది, జిగురు రాసిన గుమ్మంలో కాలు పెట్టినట్టు. అందుకని న్యూరామినిడేజ్ అనే ఎంజైముతో ఆ సియాలిక్ ఆమ్లాన్ని కోసేసుకుంటూ వస్తుంది. హెచ్1ఎన్1లో ఎన్ అంటే అదే. టామీఫ్లూ అనే ఫ్లూ మందు ఆపేది ఆ కోతనే, వైరస్‌లు కణం మీదే ఉండలు కట్టుకుని ఉండిపోతాయి. 48 గంటల్లోపు మొదలుపెట్టమనేది ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది, అన్నీ బయటపడి వెళ్లిపోయాక గుమ్మానికి తాళం వేసి లాభం తక్కువ.

హెచ్ఐవీది ఇంకో దారి. మొగ్గ తొడగడం దానికి తెలుసు, ఆఖర్న తొడిమ తెంచుకోవడం తెలియదు. కణానికి సొంత కత్తెర ఉంది, ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల గుంపు, కణం రెండుగా విడిపోయేటప్పుడు మధ్య దారాన్ని తెంచేది కూడా ఇదే. హెచ్ఐవీ గాగ్ ప్రోటీన్ చివర నాలుగు అమైనో ఆమ్లాల చిన్న ముక్క పెట్టుకుని, దాంతో ఆ కత్తెరని పిలిపించుకుంటుంది. ఆ నాలుగు అక్షరాలు చెరిపేస్తే వైరస్‌లు తొడిమ తెగని కాయల్లా కణం మీద వేలాడుతూ ఉంటాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలో చూస్తే పాపం అనిపిస్తుంది.

మన కణం కూడా ఊరుకోదు. టెథరిన్ అనే ప్రోటీన్ ఉంది, 2008లో బయటపడింది. గొడ్డుని పలుపుతాడుతో గుంజకి కట్టినట్టు, విడిపోయిన వైరస్‌ని కణానికి కట్టేస్తుంది. హెచ్ఐవీ దానికీ విరుగుడు పెట్టుకుంది, వీపీయూ అనే ప్రోటీన్‌తో ఆ తాళ్లని పైనుంచి మాయం చేయిస్తుంది.

హెర్పిస్ వైరస్ తయారయ్యేది కణ కేంద్రకంలో. దాని డబ్బా 125 నానోమీటర్లు, కేంద్రకం రంధ్రంలో పట్టదు. కాబట్టి లోపలి పొరని చుట్టుకుని రెండు పొరల మధ్యలోకి వచ్చి, ఆ చుట్టుకున్నదాన్ని బయటి పొరలో కలిపేసి, కట్టుబట్టల్లేకుండా బయటపడి, తర్వాత గాల్జీ అనే కణభాగం దగ్గర కొత్త బట్టలు కట్టుకుని వెళ్తుంది. నీటి వల్ల వచ్చే పచ్చకామెర్లు, హెపటైటిస్-ఏ, దానికి అసలు పైపొరే లేదని అందరం చదువుకున్నాం. రక్తంలో మాత్రం కణం పొరని దొంగిలించి కప్పుకుని తిరుగుతుందని 2013లో తెలిసింది. పేగుల్లోకి వెళ్లేటప్పుడు పైత్యరసం ఆ దుప్పటి ఊడబీకుతుంది.

కరోనా అయితే పైపొర దగ్గర మొగ్గ తొడగదు. కణం లోపలి తిత్తుల్లోకి మొగ్గ తొడిగి, అక్కడినుంచి లైసోజోమ్‌లలో ఎక్కి వస్తుందని 2020లో చూపించారు. లైసోజోమ్ అంటే చెత్తని అరిగించే గది కదా, అందులోని ఆమ్లం తగ్గిపోయి ఉంటుంది, అందుకే వైరస్ అరగకుండా బయటపడుతుంది. చెత్తబండిలో కూర్చుని ఊరు దాటినట్టు.

బయాలజీ మాస్టారు:
అంటే నా బెలూన్ ఎక్కడా పనికిరాదంటారా తల్లీ?

వైరస్ వదిన:
పనికొస్తుంది మాస్టారూ, బాక్టీరియాని తినే ఫేజ్‌ల దగ్గర. లాంబ్డా ఫేజ్ ఈ.కోలైలో దూరాక హోలిన్ అనే ప్రోటీన్ లోపలి పొరలో పోగుపడుతుంది. దాదాపు 50 నిమిషాలకి ఉన్నట్టుండి ఆ పొరకి పెద్ద చిల్లులు పడతాయి, వాటిలోంచి గోడని తినే ఎంజైము బయటికొస్తుంది, గోడ పోయాక లోపలి ఒత్తిడికి బాక్టీరియా నిజంగానే టప్పుమంటుంది, వంద దాకా ఫేజ్‌లు బయటపడతాయి. కానీ అక్కడ కూడా గడియారం హోలిన్ చేతిలోనే ఉంది. ఎం13 అనే ఇంకో ఫేజ్ అయితే బాక్టీరియాని చంపకుండానే సేమ్యా ఒత్తినట్టు సన్నగా బయటికి జారుతూ ఉంటుంది.

బేగంపేట బాతాఖానీ:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, మా ఏరియా పేరు రాలేదని బాధ. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా గడ్డలు చూసింది ఇక్కడే, సికింద్రాబాద్‌లో. ఆ భవనం ముందునుంచి రోజూ ఆఫీసుకి వెళ్తాను, దాని దగ్గరే దోమలు బాగా కుడతాయి, అది వేరే సంగతి. ఆ గడ్డల్లోంచి కూడా బయటికి రావాలి కదా, అదెలా?

పరాన్నజీవి:
భలే అడిగారు. రాస్ చూసిన గడ్డలు ఊసిస్ట్‌లు, ఒక్కోదాంట్లో వేల స్పోరోజోయిట్లు, అంటే దోమ కుట్టినప్పుడు మనలోకి వచ్చే రూపంలోని క్రిములు, ఉంటాయి. అవి బయటపడటానికీ సెరా కుటుంబంలోని ఒక ఎంజైము కావాలి. 2005లో ఎలుకల మలేరియాలో ఆ జన్యువు తీసేసి చూశారు. స్పోరోజోయిట్లు మామూలుగానే తయారయ్యాయి, బతికే ఉన్నాయి, గడ్డలో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, బయటికి మాత్రం రాలేకపోయాయి. లాలాజల గ్రంథుల్లోకి చేరకపోతే దోమ కుట్టినా ఏమీ కాదు.

స్లైడుబాబుగారు కదిలేది ఎప్పుడూ చూడలేదన్నారు కదా, ఒక దారి ఉంది. 1880 నవంబరులో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రంగు వేయని తాజా రక్తం చూస్తూ కూర్చుంటే, ఒక క్రిమిలోంచి కొరడాల్లాంటివి బయటికొచ్చి ఊగిపోయాయి. మగ గామెటోసైట్ అది. ఒంట్లోంచి బయటపడి చల్లబడేసరికి దోమ కడుపులోకి వచ్చాననుకుంటుంది, పావుగంటలో ఎర్రకణం చీల్చుకుని ఎనిమిది దాకా మగ కణాల్ని వదులుతుంది. గామెటోసైట్లు ఉన్న రక్తం దొరికితే ఆరబెట్టకుండా కవర్‌స్లిప్ వేసి 15, 20 నిమిషాలు ఓపిక పట్టండి. టీకి మాత్రం వెళ్లకండి.

బీటెక్ బాధితుడు:
మరి టామీఫ్లూలాగా మలేరియాకి కూడా గుమ్మం దగ్గర ఆపే మందు ఎందుకు లేదు?

పరాన్నజీవి:
వస్తోంది. సబ్-1ని తయారీలో సిద్ధం చేసే ప్లాస్మెప్సిన్-10 అనే ఎంజైము ఉంది, దాన్ని ఆపితే కత్తికి పదునే రాదు. అలాంటి మందు మనుషుల మీద తొలి దశ పరీక్షల దాకా వచ్చింది. నాకు వీటి మీద ఆశ ఎందుకంటే ఈ ఎంజైములు క్రిమివి, మనవి కావు. హెచ్ఐవీ విషయంలో కత్తెర మనది, దాన్ని ఆపితే మన కణాలే విడిపోవడం మానేస్తాయి, అక్కడ కష్టం.

స్లైడుబాబు:
అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. ఇవాళ ఆ పెద్దావిడ ఊరు వెళ్లాను, ఆశా కార్యకర్తతో కలిసి మాత్రలు లెక్కపెట్టడానికి. 14లో 9 అయ్యాయి, వణుకు రావట్లేదట. కోనసీమ తమ్ముడి చెల్లెలి పెళ్లి కథ చెప్పి మిగతా అయిదూ వేసుకోమన్నాను. అతుకు వదిలే కాయ సంగతి కూడా చెప్పాను, ఆవిడ పెరట్లోకి వెళ్లి ఒక కాయ తెచ్చి నా చేతిలో పెట్టి ఉమ్మి తడపమంది. కంట్లో పడింది గింజ.